తిమ్మక్క బూజు

స్వాతి కార్తె, మొదట్లో

వేరుశనగ కాయలు దాచే పాతరల దగ్గరి కాపలా కుక్కలు రెండూ చనిపోయాయి. మొదటిది నిన్న పొద్దున పోయింది. రెండోది ఇవాళ ఎండ ముదిరి ఎండతెరలు దించే వేళకు పోయింది. రెండింటి కళ్ళూ చిగుళ్ళూ పచ్చగా తిరిగాయి.

దిబ్బలపల్లెలో తిండి పంపకం చూసేది సుంకన్న. ఆయన వచ్చి చూసి, ఉప్పు బళ్ళతో వచ్చినవాళ్ళు మందు పెట్టి ఉంటారన్నాడు.

“కాయలు ఎత్తుకపోనీకి వచ్చింటారు. ముందు కుక్కల్ని చంపినారు.”

“మందు పెడితే పూటలో పోతాయి కదన్నా. ఇవి వారం నుంచి ముద్ద ముట్టలేదు,” అన్నాడు మా తమ్ముడు పీరయ్య. పాతరలు తెరవడం, మూయడం, కాయలు ఒలిపించడం అన్నీ వాడి పనే. గానుగలో నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్కను నీళ్ళలో నానబెట్టి కుక్కలకు పెట్టేదీ వాడే.

సుంకన్న వెళ్ళాక కుక్కల తొట్టి అడుగున మిగిలిన చెక్కను కొంచెం గీకి సీసాలో వేసుకున్నాను.

నా పేరు మాబున్ని. ఈ ఊరి గింజలు పరీక్షించేది నేను. కాయలు పాతరలోకి దించే ముందు ఒక్కో పాతరకు పోయే కాయల్లోంచి గుప్పెడు తీసి, పొడి చేసి, చదువరిలో వేస్తాను. చదువరి అరచేతిలో పట్టేంత పెట్టె. గింజలో ఏ ప్రాణి దాగి ఉందో దాని జన్యువుల అక్షరాలు చదివి పేరు చెబుతుంది. ఈ ఏడు కూడా అన్ని పాతరలకూ ఒకే పేరు చెప్పింది: తిమ్మక్క బూజు. మా ఊళ్ళో ఆ పేరు వస్తే కాయ మంచిదని అర్థం.

చెక్కకు కూడా ఇవాళ అదే పేరు వచ్చింది.

స్వాతి కార్తె, వెళ్ళిపోయే ముందు

పీరయ్యకు ఆకలి చచ్చిపోయింది. కూడు చూస్తేనే వికారమంటున్నాడు. కాయలు ఒలిచేటప్పుడు పగిలిన పప్పులు నోట్లో వేసుకుంటూ ఉండడం వాడికి చిన్నప్పటి అలవాటు. అందుకే ఆకలి లేదేమోనని మొదట నవ్వుకున్నాం. ఇవాళ వాడి పచ్చబడ్డ కళ్ళు చూశాక నవ్వు పోయింది. చిన్నప్పుడు ఒకసారి కామెర్లు వచ్చి చావు తప్పి బతికినవాడు. ఒలిపిడి పనికి వచ్చే ఆడవాళ్ళలో కూడా ఇద్దరు మంచం పట్టారు.

తిమ్మక్క దగ్గరికి వెళ్ళాను.

ఈమె గురించి ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఆమె వయసులో ఉన్నప్పుడు, కాయ ఊరే వేళకు ఎండలు మండి, కోత వేళకు ముసురు పట్టి, వరుసగా పంటలన్నీ పచ్చబూజు పట్టాయట. ఆ బూజు వండే విషం కంటికి కనిపించదు. పిల్లల పొట్టలు ఉబ్బేవి. అప్పుడు ఈమె గట్లూ కంచెలూ తిరిగి, చూడడానికి అచ్చం అలాగే ఉండి విషం వండడం చేతకాని బూజును ఒకదాన్ని పట్టుకుంది. ఉడికించిన జొన్నల మీద దాన్ని పెంచి, ఆశ్లేష కార్తెలో చేలో చల్లించింది. ఆ సాధు బూజు చోటంతా ఆక్రమించుకుంటే చెడ్డదానికి నిలవడానికి నేల దొరకదు. అప్పటి నుంచి చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ ఈ బూజు పట్టించిన మందు జొన్నలు మా దగ్గరే తీసుకుంటున్నాయి. బదులుగా మాకు తిండి జొన్నలు, ఉప్పు, రాగులు పంపుతాయి. మా రాతినేలల్లో వేరుశనగ తప్ప మరేదీ గట్టిగా పండదు.

నాకు ఈ విద్య నేర్పింది కూడా ఆమే.

“పెద్దమ్మా, పేరు ఒక్కటే చదివితే సరిపోదనిపిస్తాంది. మొత్తం చదవాల,” అన్నాను.

చదువరిలో అక్షరాలు పట్టే పొర ఒకటి ఉంటుంది. పేర్లు మాత్రం చదివితే ఆ పొర ఏళ్ళ తరబడి వస్తుంది. ఒక బూజును మొదటి నుంచి చివరి దాకా చదివితే దాదాపు అరిగిపోతుంది. ఇప్పుడు ఆ పొరలు చేసేవాళ్ళు ఈ దిక్కున లేరు. అందుకని ఆమె కోప్పడుతుందనుకున్నాను.

“చదువు. చూసుకుంటే పొయ్యేదేముందే? నా బూజు మింద నాకేం భయం లేదు,” అంది తిమ్మక్క.

విశాఖ కార్తె

పాతర కాయల్లోని బూజును మొత్తం చదివిన ఫలితం వచ్చింది. మళ్ళీ సరిచూసుకుని తిమ్మక్క దగ్గరికి తీసుకెళ్ళాను.

పేరు చెప్పే ముక్క తిమ్మక్క బూజుదే. ఒక్క అక్షరం కూడా తేడా లేదు. కానీ ఆ బూజులో ఒకచోట పెద్ద ఖాళీ ఉండాలి. విషం వండే జన్యువులు ఉండవలసిన చోటు అది. అవి లేకపోవడమే దాని మంచితనం. ఇప్పుడు ఆ చోట ఖాళీ లేదు. ఆ జన్యువుల వరుస మొత్తం అక్కడ ఉంది.

నేల కింద బూజులు కూడా జత కడతాయి. ఎన్నో ఏళ్ళు ఒకే చేలో పక్కపక్కన ఉన్న సాధు బూజూ అడవి బూజూ ఎప్పుడో కలిశాయి. పుట్టినదానికి పేరు తల్లిది, వంట తండ్రిది. ఇన్నాళ్ళూ మేం పేరు అడిగి లోపలికి రానిచ్చాం.

తిమ్మక్క చదువరి తెర మీది అక్షరాలను వేలితో ఒక్కొక్క వరుసే చూసుకుంటూ పోయింది. 

“ఇది కలగలుపు అయ్యింటుంది,” అంది చివరికి. “నాదొకటి, అడివిదొకటి, రెండూ ఒకే గుప్పిట్లో వచ్చింటాయి. రెండిటి అచ్చరాలూ కలిపి చదివింటుంది నీ పెట్టె.”

అది మొండితనంతో అన్న మాట కాదు. నేనే ఆమె స్థానంలో ఉన్నా ముందు ఆ ప్రశ్నే అడుగుతాను.

“ఒకే బూజు విత్తు నుంచి పెంచి చూద్దాం పెద్దమ్మా.”

“నేనే పెంచుతా. నా బూజు సంగతి నేనే తేల్చాల,” అంది.



అనూరాధ కార్తె

గంజి గడ్డకట్టించిన పళ్ళేలలో బూజును పలచగా పరిచి, సూది మొనతో ఒక్క చుక్కను వేరు చేసి, దాన్ని ఇంకో పళ్ళెంలో పెంచింది తిమ్మక్క. దాని నుంచి మళ్ళీ ఒకటి. ఆకుపచ్చ పొడి పరుచుకునే దాకా ఆమె ఆ గది విడిచి ఎటూ పోలేదు. అన్నం కూడా గడప దగ్గరే పెట్టి వచ్చేదాన్ని.

పొరలో మిగిలిన జీవంతో ఆ చోటు ఒక్కటే చదివాను. ఒకే విత్తు నుంచి పుట్టిన బూజు అది. పేరూ అందులోనే ఉంది, వంటా అందులోనే ఉంది.

“జన్యువులు ఉన్నంత మాత్రాన వండుతాదని ఏముంది? పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లోనూ పొగ వస్తాదా?” అంది తిమ్మక్క. ఈసారి గొంతులో బలం లేదు.

ఆ సంగతి కూడా చూశాం. పాతర కాయల పప్పును సారాయిలో నానబెట్టి, వడకట్టి, ఆ రసాన్ని కాగితం మీద పైకి పాకనిచ్చి, నీలి దీపం కింద పెట్టాం. విషాన్ని వెతకడానికి పాతకాలపు పద్ధతి అది; విషం ఉంటే ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది. చదువరి మంచి పేరు చెప్పడం మొదలయ్యాక ఇక అక్కర్లేదని అందరూ మానేశారు. దీపం వేయగానే కాగితం మధ్యలో నీలపు మచ్చ వెలిగింది. పక్కన కుక్కల చెక్కది పెట్టాం. ఆ మచ్చ ఇంకా పెద్దగా ఉంది. పప్పులోని విషం చాలావరకు నూనెలోకి పోకుండా చెక్కలోనే చిక్కబడుతుంది.

తిమ్మక్క దీపం ఆర్పింది. చీకట్లో ఆమె ఊపిరి వినిపిస్తోంది.

“పీరయ్య ఎట్లుండాడు?”

“పొట్టకు నీళ్ళు పట్టినాయి పెద్దమ్మా.”



జ్యేష్ఠ కార్తె

తెల్లారక ముందే అందరం నేలమాళిగలో కూడాం. చెప్పవలసింది తిమ్మక్కే చెప్పింది. నన్ను నోరు తెరవనివ్వలేదు. పాతరలు అన్నీ మూసేయాలనీ, చెక్క తగలబెట్టాలనీ, ఉన్న కాయల్లో గట్టిగా నిండుగా ఉన్నవి మాత్రమే ఏరి, దీపం కింద చూసి వాడుకోవాలనీ, మిగతావి నూనె తీసి, ఆ నూనెను విషం పీల్చే మట్టిలో వడకట్టుకోవాలనీ చెప్పింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. కుక్కల్ని అందరూ చూశారు.

గొడవ తర్వాతి మాట దగ్గర వచ్చింది.

“మిగతా ఊర్లకు ఇప్పుడే చెప్పాల,” అంది తిమ్మక్క. “వాళ్ళ చేలల్లో ఉండేది మన బూజే. ఈపాటికి వాళ్ళూ తింటాంటారు.”

సుంకన్న లేచి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. కరువు ఏడాదిలో తన ఇంటి వాటాను ఒలిపిడి ఆడవాళ్ళకు ఇచ్చి, తాను గడ్డలు తవ్వుకుని తిన్న మనిషి.

“చెప్దాం. చెప్పొద్దని నేనంటల్లేదు. జొన్నల బళ్ళు మూల కార్తెలో వస్తాయి. అవి వచ్చినాంక చెప్దాం. మన కాయలు పోయినాయి. ఇంగ వాళ్ళ జొన్నలు కూడా రాకపోతే ఈ పిల్లోళ్ళకు ఏం పెట్టాల? మందు జొన్నలు చెడిపోయినాయని తెలిస్తే మనకు ఎవురు ఎందుకిస్తారు?”

ఆ మాటకు చాలామంది తలలు వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను. పీరయ్య పిల్లలు నా పక్కనే కూర్చుని ఉన్నారు.

“బళ్ళు వచ్చేదాకా ఆ ఊర్లోళ్ళు ఏం తింటారు సుంకన్నా?” అంది తిమ్మక్క.

తిమ్మక్క లేచి ఆయన ముందుకు వచ్చి చేయి చాపింది.

“నేను మిమ్మల్ని జవాబు చెప్పమంటల్లేదు. వాళ్ళ జొన్నలు తినొద్దనీ అంటల్లేదు. రేడియో గది తాళంచెవి ఇయ్యి. నా పేరు చెప్పుకుని నేనే మాట్లాడతా. ఊరు చెప్పిందని అనను.”

 సుంకన్న మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు.

“ఊరు చెప్పిందనే చెప్పు,” అన్నాడు. “చెప్పేదేదో అందరం చెప్పినట్ల ఉండనీ.”

జ్యేష్ఠ కార్తె, మరునాడు

గుట్ట మీది రేడియో గదిలో తిమ్మక్క పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క ఊరినీ పిలిచింది. ప్రతి ఊరికీ అవే మాటలు, అంతే నిదానంగా.

“నేను తిమ్మక్కను, దిబ్బలపల్లె ఊరి తరపున మాట్లాడతాండా. నేను మీకిచ్చిన బూజు చెడిపోయింది. అడివి బూజుతో కలిసి విషం వండేది నేర్చుకునింది. మీ పాతరల్లో ఉండే శెనక్కాయలు తినొద్దండి. పిల్లోళ్ళకు పెట్టొద్దండి. చెక్క గొడ్లకు ఎయ్యొద్దండి. ఎట్ల చూసుకోవాల్నో మాబున్ని చెప్తాది, రాసుకోండి.”

తర్వాత నేను సారాయి, కాగితం, నీలి దీపం సంగతి చెప్పేదాన్ని.

కొన్ని ఊళ్ళు నమ్మలేదు. మళ్ళీ చెప్పమన్నాయి. గాలిమరల మిట్ట ఊరిపెద్ద మాత్రం మొత్తం విని, “ఇన్నేండ్లు మా జొన్నలు తిన్నారు,” అని ఒక్క మాట అని రేడియో కట్టేశాడు.

ఏటిగడ్డ నుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. తిమ్మక్క చెప్పిందంతా వినింది. 

“మా ఊర్లో పిల్లోళ్ళు పోతాండారు,” అంది ఆ గొంతు. “నీళ్ళలో ఏమో ఉండాదనుకున్యాము. బాయి పూడ్చేసినాము పెద్దమ్మా. ఉన్న ఒక్క బాయినీ పూడ్చేసినాము.”

  నేను మైకు అందుకోబోతే తిమ్మక్క చేయి అడ్డం పెట్టింది.

“నీ పేరేంది తల్లీ?” అంది.

“నారెమ్మ.”

“నారెమ్మా, కాయలు ఇప్పుడే ఆపేయండి. బాయి మళ్ళీ తవ్వండి. నీళ్ళు మంచివే. తప్పు నీళ్ళది కాదు.”

గుట్ట దిగేటప్పుడు తిమ్మక్క నా భుజం పట్టుకుంది. ఆమె ఎవరి ఆసరా తీసుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

మూల కార్తె

పీరయ్య పోయాడు.

చివరి రెండు రోజులూ మనుషులను గుర్తుపట్టలేదు. నన్ను మా అమ్మ అనుకుని, “పాతర మూసినావా మా, ముసురు పట్టేట్లుంది,” అంటూ ఉన్నాడు. మూశాను నాయనా, అన్నాను. గుట్ట పక్కన మా నాయన సమాధి దగ్గరే మట్టి ఇచ్చారు.

తిమ్మక్క వచ్చి వాకిట్లో కూర్చుంది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. పొమ్మనీ అనలేదు. పీరయ్య భార్య ఖాజాబీ లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టింది. తిమ్మక్క ఆ నీళ్ళు తాగి, అప్పుడు ఏడ్చింది.

జొన్నల బళ్ళు రాలేదు. దక్షిణాన ఉన్న ఒక చిన్న ఊరు మాత్రం ఒక బండి పంపింది. బండి తోలుకొచ్చినతను దించి వెళ్ళిపోతూ, “మీరు చెప్పకపోయింటే మా ఇంట్లో ఐదుమందిమి తినేవాళ్ళం,” అని మాత్రం అన్నాడు.

శ్రవణం కార్తె

పొద్దున్నే ఏరడం, ఎండెక్కాక దీపం గదిలో పరీక్ష, సాయంత్రం గంజి. రోజులు ఇలా పోతున్నాయి. ముడతపడ్డ పప్పు, రంగు మారిన పప్పు, పగిలిన పప్పు పక్కకు తీసి మంటలో వేస్తున్నాం. వేరుశనగ కాలుతున్న వాసనకు పిల్లలు వచ్చి చుట్టూ నిలబడతారు. వాళ్ళను తరమడానికి సుంకన్న ఒక మనిషిని పెట్టాడు. రెండో రోజు ఆ మనిషిని పంపేసి తనే కూర్చున్నాడు.

మంచం పట్టిన ఒలిపిడి ఆడవాళ్ళలో ఒకామె లేచి నడుస్తోంది. ఇంకొకామె లేవలేదు.

చదువరిలో భద్రపరిచిన పేర్లలోంచి ‘తిమ్మక్క బూజు’ అన్న మాట తీసేసి అంకె పెడదామని కుర్రకారు అడిగారు. పెద్దామెకు అది మర్యాద అనుకున్నారు. నాకూ అదే మంచిదనిపించి ఆమెతో చెప్పాను.

“వొద్దు. ఆ పేరు చెబితేనే నాలుగూర్లోళ్ళకూ అది ఏ జొన్నల్లో వచ్చిందో, ఎప్పుడు చల్లినారో గుర్తుకొస్తాది. అంకె పెడితే ఎవురికి తెలుస్తాది? వెతికి కాల్చేదాకా నా పేరే ఉండనీ,” అంది.

ఇప్పుడు ఆమె రోజూ గోనెసంచి, పార పట్టుకుని గట్ల మీద తిరుగుతోంది. విషం వండలేని ఇంకో బూజు ఎక్కడైనా దొరుకుతుందేమోనని మట్టి తెస్తోంది. దొరికితే ఈసారి ఏటా చదవాలనీ, పేరు ఒక్కటే చదవకూడదనీ నాకు పదేపదే చెబుతోంది. ఆమె తెచ్చిన మట్టినంతా చదవడానికి నా దగ్గర పొర లేదు. పళ్ళేల్లో పెంచి, దీపం కింద చూసి, వరుసగా పెడుతున్నాను.

ఆరుద్ర కార్తె

తొలకరి నిన్న పడింది. ఈ ఏడు వేరుశనగ పావు చేనుకే. మిగతాది కొర్ర, సజ్జ. పండుతుందో లేదో ఈ రాతినేలకే తెలియాలి.

ఇవాళ మధ్యాహ్నం ఒక ఆడమనిషి మూట నెత్తిన పెట్టుకుని దీపం గదికి వచ్చింది. గొంతు వినగానే గుర్తుపట్టాను.

“నేను నారెమ్మను. ఏటిగడ్డ.”

కూర్చోమన్నాను. చిన్నబిడ్డ పోయాడని చెప్పింది. పెద్దది ఉందని చెప్పింది. బావి సగం తవ్వారని, నీళ్ళు ఊరుతున్నాయని చెప్పింది. అప్పుడు మూట ముందుకు జరిపింది. వాళ్ళ ఊరి పైన ఒక మెరక చేను ఉందట. దూరమని అక్కడ మందు జొన్నలు ఎప్పుడూ చల్లలేదు. ఆ కాయలు వేరుగా దాచారు. విత్తనానికి పోను మిగిలినవి తినొచ్చా అని అడగడానికి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో మూతపడ్డ వైద్యశాలలో దొరికిందని, వాడని పొర ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది.

దాన్ని తీసుకుని చదువరిలో అమర్చాను.

మొదటి నుంచి చివరి దాకా చదివాను. అది పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. నారెమ్మ కదల్లేదు. పప్పులో ఉన్నది ఏదో మామూలు మట్టి బూజు. విషం వండే వరుస దానికి లేదు. దీపం కింద కాగితం కూడా చూశాను. ఎక్కడా మచ్చ లేదు.

“తినొచ్చు,” అన్నాను.

ఆమె లేవలేదు. మూటలోంచి రెండు కాయలు తీసి, ఒలిచి, పప్పులు నా అరచేతిలో పెట్టింది.

“అయితే నువ్వు తినక్కా,” అంది.

పీరయ్య పోయాక నేను వేరుశనగ నోట పెట్టలేదు. పప్పులు నోట్లో వేసుకున్నాను. నమిలాను. తియ్యగా ఉన్నాయి. నారెమ్మ నా గొంతు కదలడం చూసింది. అప్పుడు తల తిప్పి, బయట నీడలో కూర్చున్న కూతుర్ని లోపలికి రమ్మని పిలిచింది.